ఫ్రిజ్ నుంచి ఏడు టైళ్లు

ఆ రోజులు తలచుకుంటే నాకు మనుషులకంటే ముందు ఆ ఎండ గుర్తొస్తుంది. గల్ఫ్‌లో, సత్వా అనే పేటలో మేమున్న ఫ్లాటు హాల్లో ఒక్కటే కిటికీ. కింద నేల మీద టైళ్లతో కొలిస్తే సరిగ్గా ఆరు టైళ్ల వెడల్పు. పొద్దున ఏడున్నరకి ఎదురు బిల్డింగుల సందులోంచి ఎండ లోపలికి వచ్చేది. ఒక టైలు మీంచి ఇంకో టైలు మీదకి, ఎవరినీ లేపకూడదన్నట్టు మెల్లగా జరిగేది. పన్నెండు దాటగానే వెళ్లిపోయేది. ఆ తర్వాత రాత్రి దాకా ట్యూబ్‌లైటే గతి.

అది 2020 వసంతం. వీధిలో హారన్లు ఆగిపోయి, షావర్మా బండి చప్పుడు ఆగిపోయి, పావురాల రెక్కలు కూడా వినబడేంత నిశ్శబ్దం వచ్చింది. ఏ రోజు ఏ వారమో తెలిసేది కాదు. మసీదులో అజాన్ వినబడితే పూట తెలిసేది, ఎండ ఎన్నో టైలు మీద ఉందో చూస్తే గంట తెలిసేది. నేను సగం మెలకువలో, సగం కలలో ఉన్నట్టుండేదాన్ని. అలాంటి కలలో కూడా మనిషి తన వాటా తాను చూసుకుంటాడని అప్పుడే తెలిసింది.

ఆ ఫ్లాటులో రెండు కాపురాలు. ఒక బెడ్‌రూములో నేనూ మావారూ. ఆయన జెబెల్ అలీలో గోడౌన్ సూపర్‌వైజరు, పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే సాయంత్రం దిగేవారు. నేను ఒక ఇండియన్ స్కూల్లో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. రెండో బెడ్‌రూములో కడప నుంచి వచ్చిన ముస్లిం దంపతులు. అతను మా వీధి చివర, ఆడవాళ్లు పైన వేసుకునే నల్లటి అబాయాలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. ఆమె కుట్టుపని తెలిసిన మనిషి, ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. వాళ్లిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగు. ఆమె నాకంటే నాలుగేళ్లు చిన్నది. నన్ను టీచరక్కా అని పిలిచేది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు కడపలో అమ్మమ్మ దగ్గర ఉండి ఏడో తరగతి చదువుతోంది.

స్కూళ్లు మూసేసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. షాపులు మూసేసి పని ఇళ్లకు పంపారు. దాంతో పొద్దున ఎనిమిదింటికి నేను లాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి వస్తే, ఆమె కుట్టు మిషన్ ఈడ్చుకుంటూ హాల్లోకి వచ్చింది. ఇద్దరం ఆ కిటికీ దగ్గరికే వచ్చాం. మా బెడ్‌రూముల్లో పగలు కూడా చీకటే.

మూడు రోజులు సణుక్కున్నాం. నాలుగో రోజు నేను నోరు జారాను. నాకసలు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ మిషన్ చప్పుడుకి నా పిల్లలు నవ్వుతున్నారమ్మా, ఇది స్కూలా దర్జీ కొట్టా అని," అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది కానీ మాట మాత్రం నెమ్మదిగానే వచ్చింది.

"నీకు మొగం కనపడాల, నాకు దారం కనపడాల. ఇద్దరికీ ఎండే గదక్కా కావాల్సింది. పంచుకుందాం. చప్పుడు రాకుండా మిషన్ కింద బొంత ఏసుకుంటాలే."

అలా మా ఒప్పందం కుదిరింది. నోటుబుక్కులోంచి కాగితం చింపి నేనే రాశాను. హాల్లో ఎడమ పక్క ఫ్రిజ్ ఉండేది. ఫ్రిజ్ కాలి నుంచి ఏడు టైళ్ల వరకు వాళ్లది, ఆ అవతల మాది. అలా లెక్కపెడితే కిటికీ సరిగ్గా సగానికి తెగింది, ఆమెకు మూడు టైళ్లు, నాకు మూడు టైళ్లు. గీత మీద షాపు నుంచి తెచ్చిన బట్టలు తగిలించే చక్రాల స్టాండ్లు రెండు నిలబెట్టి, వాటికి ఒక పాత దుప్పటి తెరలాగా కట్టాం. శుక్రవారం పొద్దున నేల తుడిచేటప్పుడు స్టాండ్లు పక్కకు నెట్టాలి, తుడిచాక మళ్లీ ఫ్రిజ్ నుంచి ఏడు టైళ్లు లెక్కపెట్టి అక్కడ నిలబెట్టాలి. ఇద్దరం సంతకాలు పెట్టి కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకే అంటించాం.

సాయంత్రం మావారు వచ్చి ఆ కాగితం చదివి, "ఇంతకీ ఇందులో మగాళ్ల రాజ్యం ఎక్కడ?" అన్నారు.

"ఫ్రిజ్ లోపల వెతుక్కోండి," అన్నాను.

తెర అవతల ఆమె నవ్వింది. కొన్నాళ్లు మా మధ్య నిజంగానే శాంతి ఉంది.

ఆమెకు ఆ మూడు టైళ్ల ఎండ ఎందుకు అంత అవసరమో నాకు మొదట్లోనే చెప్పింది. నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టాలి. ట్యూబ్‌లైటు కింద నలుపు, ముదురు నీలం ఒక్కలాగే ఉంటాయి, కుట్టు యాడ పోతాండాదో కంటికి ఆనదు అనేది. రంజాన్ పండక్కి షాపు ముదీర్, అంటే మేనేజరు, ఆమెకు ఇరవై అబాయాలు ఇచ్చాడు. అవి నచ్చితే ఇకమీదట ప్రతి నెలా పని ఇస్తానన్నాడు. మొగుడి జీతం సగానికి పడిపోయిన ఆ రోజుల్లో ఆమె ఆశంతా ఆ మాట మీదే. నెలనెలా పని దొరికితే కూతుర్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చు. "నీ ఇస్కూల్లోనే ఏస్తానక్కా. నీ క్లాసులోనే కూసుంటాది," అనేది. కూతురి ఫొటో మిషన్ మీద, సూదికి పైన, టేపుతో అతికించుకుంది.

అక్కడ కడపలోనూ బడులు మూతపడ్డాయి. కొన్నాళ్లకు నాకో సంగతి తెలిసింది. నేను పాఠంలో కథ చెప్పే చోటికి వచ్చినప్పుడల్లా తెర అవతల మిషన్ ఆగిపోయేది. కొలంబస్ పడవలో మంచినీళ్లు అయిపోయాయని చెబుతుంటే ఆగింది. నక్షత్రాలు చూసి దారి పట్టేవారని చెబుతుంటే ఆగింది. నా ఇంగ్లిషు ముక్కల మధ్య హిందీ మాటలు పట్టుకుని, మిగిలింది వంటింట్లో నన్నడిగి తెలుసుకుని, సాయంత్రం ఫోన్లో కూతురికి ఆ పాఠమంతా చెప్పేది. ఆమె చెబుతుంటే నేను గదిలోంచి విన్నాను. నాకంటే బాగా చెప్పేది, ఒట్టు. నేను చెబితే అది సముద్రం గురించి పాఠం. ఆమె చెబితే మా హాల్లోకి ఉప్పుగాలి వచ్చినట్టుండేది.

ఇక నా సంగతి. చెప్పడానికి సిగ్గేసినా చెబుతాను.

మా స్కూల్లో టీచర్లను తగ్గిస్తున్నారని వార్త వచ్చింది. కొత్త ఏడాదికి ఎవరిని ఉంచాలో తేల్చడానికి సూపర్‌వైజరు ఒక్కొక్కరి క్లాసులో కూర్చుని చూస్తుందన్నారు. ఒకసారి ఆవిడ నా వీడియో చూసి, "మొహం చీకటిగా ఉంది, సగం వెలుగు, సగం నీడ, పిల్లలకు ఇబ్బంది," అని మెసేజ్ పెట్టింది. ఆ మెసేజ్ రెండుసార్లు చదివాను. కిటికీలో ఇంకొక్క టైలు ఉంటే చాలనిపించింది.

ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య వాళ్ల సూట్‌కేసులు రెండు ఉండేవి. ఒక శుక్రవారం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు, నేల తుడిచే వంకతో ఆ సూట్‌కేసులు తీసి ఫ్రిజ్ మీద పెట్టి, ఫ్రిజ్‌ని గోడ వైపు ఒక టైలు నెట్టాను. నేల తడిగా ఉంది కాబట్టి అది చెప్పిన మాట విన్నట్టు జరిగింది. ఆమె వచ్చాక ఇద్దరం కలిసి ఫ్రిజ్ నుంచి ఏడు టైళ్లు లెక్కపెట్టి, స్టాండ్లు నిలబెట్టాం. నాకు కిటికీలో నాలుగు టైళ్లు వచ్చాయి, ఆమెకు రెండు మిగిలాయి. ఒప్పందంలో ఒక్క అక్షరం కూడా తప్పలేదు. "సూట్‌కేసులు పైన పెట్టినావా అక్కా, మంచిదేలే," అంది, అంతే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. నేనూ అలాగే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఇంకో టైలు నెట్టాను. మొదటిసారి అవసరం. రెండోసారి ఏమిటంటే అలవాటనే చెప్పాలి. ఇప్పుడు నాకు అయిదు, ఆమెకు ఒకటి. నా మొహం లాప్‌టాప్ తెర మీద పండగనాటి దీపంలా వెలిగిపోతోంది. అవతల ఆమె మిషన్ని ఆ ఒక్క టైలు ఎండలోకి లాక్కుని, గంటగంటకీ ఎండతోపాటు జరుపుకుంటూ కుట్టేది. మిషన్ ఈడ్చే చిన్న చప్పుడు వినబడేది. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. తెలిసి కూడా పాఠం చెప్పుకుంటూ పోయాను.

రంజాన్ మధ్యలో ఒక సాయంత్రం, ఆమె ఇఫ్తార్‌కి బజ్జీల పిండి కలుపుతూ, "రేప్పొద్దున ఏం పాఠమక్కా?" అని అడిగింది.

"రేపటిది సరే, అసలు పాఠం వచ్చే వారం. ఆరోజు సూపర్‌వైజరు చూసేది. తోర్దెసిల్లాస్ ఒప్పందం," అన్నాను.

ఆ పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. "కథ చెప్పు," అంది.

చెప్పాను. స్పెయిన్, పోర్చుగల్ అని రెండు రాజ్యాలు. రెండింటికీ పెద్ద ఓడలు, పెద్ద ఆశలు. సముద్రం అవతల కొత్త నేలలు కనబడుతున్నాయి. ఎవరివి ఎవరివని తగువు. పోప్ మధ్యలోకి వచ్చి సముద్రం మీద ఒక గీత గీశాడు, ఇటు నీది, అటు వాడిదని. ఆ గీత పోర్చుగల్‌కి నచ్చలేదు. బతిమాలి, బెదిరించి, 1494లో కూర్చుని ఇంకో ఒప్పందం రాసుకుని ఆ గీతని పడమటికి బాగా జరిపించుకుంది. తర్వాత చూస్తే బ్రెజిల్ అనే అంత పెద్ద నేల గీతకి పోర్చుగల్ పక్కనే తేలింది.

ఆమె చేతికి పిండి అలాగే ఉంచుకుని వింది. "ఆ నేలల్లో మనుషులు లేరా?"

"ఉన్నారు."

"వాళ్లనడిగినారా?"

"ఎవరడుగుతారు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు."

"గీత యాణ్ణుంచి కొలిచినారు?"

అది నిజంగా తెలివైన ప్రశ్న. ఆఫ్రికా పక్కన కొన్ని దీవులున్నాయి, వాటి నుంచి పడమటికి ఇంత దూరమని రాశారు, కానీ ఏ దీవి నుంచో రాయలేదు, అందుకే ఆ తర్వాత చాలా ఏళ్లు తగువులాడుకున్నారని చెప్పాను.

ఆమె నవ్వింది. "మా ఆయన పని నేర్చేటప్పుడు వాళ్ల ఉస్తాద్ మొదటి దినమే చెప్పినాడంట. కొలత ఎప్పుడూ ఎముక కాణ్ణుంచి పెట్టాల, గుడ్డ కాణ్ణుంచి పెట్టకూడదు అని. గుడ్డ జరుగుతాది. ఎముక జరగదు."

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. పొయ్యి మీద నూనె కాగిందని వంక పెట్టి అటు తిరిగాను. ఆమె మాత్రం మామూలుగానే బజ్జీలు వేసింది. మొదటి వాయి నా పళ్లెంలో పెట్టింది.

ఈద్ ఇంకా వారం ఉందనగా అబాయాలు తిరిగొచ్చాయి. మొగుడు భుజాన మూట వేసుకుని వచ్చి హాల్లో దించాడు. ఇరవైలో తొమ్మిదింటికి చేతుల అంచుల్లో, కింది అంచుల్లో నలుపనుకుని ముదురు నీలం దారంతో కుట్టేసింది. గదిలో చూస్తే నల్లగానే ఉన్నాయి. వీధిలోకి తీసుకెళ్లి ఎండలో పట్టుకుంటే నీలం గీతలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. ముదీర్ అరవలేదట. నాలుగు రోజుల్లో అన్నీ విప్పి కుట్టిస్తే తీసుకుంటాను, లేకపోతే ఖలాస్ అన్నాడట.

ఆమె నా వైపు తెర ఎత్తి నిలబడింది. అలా తెర ఎత్తడం అదే మొదటిసారి.

"అక్కా, దారం విప్పాలంటే శానా ఎండ కావాల. నాలుగు దినాలు పొద్దున పూట కిటికీ నాకిడిసిపెడతావా?"

సూపర్‌వైజరు నా క్లాసు చూసేది మర్నాడు కాక ఆ మర్నాడు. నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. ఇంకేమీ గుర్తురాలేదు, ఆ మిషన్ మీది ఫొటో కూడా.

"ఎల్లుండి దాకా ఓపిక పట్టమ్మా. నా ఉద్యోగం సంగతి. అదయ్యాక కిటికీ మొత్తం నీదే."

ఆమె ఒక్క క్షణం ఆ ఎండ వైపు చూసింది. తర్వాత నేల వైపు, ఫ్రిజ్ దగ్గర్నుంచి తెర దాకా చూసింది. "సరేలే అక్కా," అని మూట ఎత్తుకుంది.

ఆ రెండు రోజులూ ఆమె మెట్ల మీద కూర్చుంది. మా అంతస్తుకీ పై అంతస్తుకీ మధ్య మలుపులో ఒక చిన్న గాజు పలక ఉంది, అక్కడ కాసేపు వెలుగు పడుతుంది. ఉపవాసం, ఏసీ లేదు, మే నెల. మెట్ల మీద నల్లటి బట్టలు పరచుకుని సూదితో ఒక్కొక్క కుట్టూ విప్పుకుంటూ కూర్చుంది.

నేను లోపల అయిదు టైళ్ల వెలుగులో పాఠం చెప్పాను. ఏమాటకామాటే చెప్పాలి, బ్రహ్మాండంగా చెప్పాను. మ్యాపు మీద ఎర్ర గీత గీశాను. పడవలు నీళ్ల మీద తేలుతున్నట్టు చేయి తిప్పాను. ఇదే తీరం పక్కనుంచి, ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న ఖోర్‌ఫక్కాన్ రేవు మీంచి పోర్చుగీసు ఓడలు వెళ్లాయని చెబితే పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. చివర్లో ఒక పిల్ల అడిగింది, "మేడం, అక్కడ ఉన్నవాళ్లని ఎవరైనా అడిగారా?" అని. "మంచి ప్రశ్న. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను. తర్వాత మాట్లాడుకోలేదు. సూపర్‌వైజరు నా క్లాసు గురించి నాలుగు మంచి మాటలు రాసింది. కొత్త ఏడాదికి నా ఉద్యోగం నిలబడింది.

ఆ మధ్యాహ్నమే తెర పూర్తిగా తీసేశాను. మర్నాడు పొద్దున ఆరు టైళ్లూ ఆమెకే ఇచ్చాను. నేను కూడా పక్కన కూర్చుని నీలం దారం ఎక్కడెక్కడుందో వెతికి చూపించాను, చేత్తో కాకపోయినా కళ్లతో సాయం చేద్దామని. కానీ అప్పటికే రెండు రోజులు పోయాయి. గడువుకి నాలుగు మిగిలిపోయాయి. ముదీర్ వాటిని వేరేవాళ్లకు ఇచ్చాడు. ఆ తర్వాత ఆమెకు పని ఇవ్వలేదు.

జూలైలో ప్రత్యేక విమానంలో ఆమె కడపకు వెళ్లిపోయింది. కూతుర్ని తెచ్చుకోవాలనుకున్న మనిషి తానే కూతురి దగ్గరికి వెళ్లింది. అతను సామాను సర్దుకుని బెడ్‌స్పేసుకి, అంటే పదిమంది ఉండే గదిలో ఒక్క మంచానికి, మారాడు. ఫ్రిజ్ మీంచి ఆ రెండు సూట్‌కేసులు దించేటప్పుడు నేను ఒక చేయి వేశాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. వెళ్లేముందు ఎందుకు బాధ పెట్టడం అనుకున్నాను. అది జాలి కాదు, పిరికితనం. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "నీ పాఠాలు ఇంక యాడ ఇంటానో," అంది. నాకు ఏడుపొచ్చింది. దేనికి ఏడుస్తున్నానో ఆమెకు తెలియదనుకున్నాను.

వాళ్ల గదికి కొన్ని నెలలు ఎవరూ రాలేదు. కిటికీ మొత్తం నాదే అయింది. ఎండ యథాప్రకారం వచ్చేది, ఆరు టైళ్ల మీదా నడిచేది, పన్నెండుకి వెళ్లిపోయేది. నా మొహం మీద ఎంత వెలుగు పడినా, కథ చెప్పే చోటికి వచ్చినప్పుడు నేను ఆగి, తెర అవతల మిషన్ ఆగుతుందేమోనని వినేదాన్ని.

చలికాలం మొదట్లో ఒక పొద్దున, క్లాసుకి ముందు, ఆమె దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల మిషన్ చప్పుడు, ఎవరో పిల్ల నవ్వు.

"అక్కా, బాగుండావా? బావ బాగుండాడా? ఈడ బడి ఇంకా తెరవలా. పాపకు నేనే చెప్తాండా. నిన్న నీ ఒప్పందం పాఠం చెప్పినా, ఆ పేరు మాత్రం నాకు నోరు తిరగదు. పాప అడిగింది, ఒప్పందం రాసుకున్నాక గూడా ఆ పోర్చుగల్లోళ్లకు అంత ఎక్కువ నేల ఎట్లొచ్చింది మా అని. ఫ్రిజ్ జరుపుకున్యారు అని చెప్పినా. దానికి బాగా అర్థమైందక్కా. సరే, నీకు క్లాసు టైమైంది గదా. మొగం మీద ఎండ పడేట్టు కూసో."

అంతే. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. మళ్లీ విన్నాను. మళ్లీ విన్నాను. ఆమెకు మొదటి శుక్రవారం నుంచీ తెలుసు. దర్జీ పెళ్లాం కంటికి ఒక టైలు తేడా తెలియకుండా ఉంటుందా? తగువు పెట్టుకుంటే నేను కోపంతో లాప్‌టాప్ తీసుకుని గదిలోకి పోతానని, గది తలుపేసుకుంటే పాఠం వినబడదని ఆమె ఊరుకుంది. తన ఎండ ఇచ్చి కూతురికి చదువు కొనుక్కుంది. నాకు అలా అనిపిస్తుంది. అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

ఆరోజు పిల్లలకు పది నిమిషాలు ఆలస్యంగా వస్తానని మెసేజ్ పెట్టి, నేల తడి చేసి, ఫ్రిజ్‌ని రెండు టైళ్లు వెనక్కి, దాని పాత చోటికి లాగాను. అప్పుడు నెట్టినంత సులువుగా రాలేదు. కాగితం ఇంకా తలుపు మీదే ఉంది, రెండు సంతకాలతో. ఫ్రిజ్ కాలి నుంచి ఏడు టైళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, నా కుర్చీని ఆ అవతల వేసుకుని కూర్చున్నాను. ఇటు మూడు టైళ్ల ఎండ నా మీద పడింది. అటు మూడు టైళ్ల ఎండ ఖాళీ నేల మీద పడింది.